బళ్లారి రాఘవాచార్యులుగారు

పాఠశాలా వార్షికోత్సవము సమీపించినప్పుడెల్ల నాటకమున పాత్రల పంపకము దగ్గఱ నొక చర్చ పుట్టుట కలదు. స్త్రీ పాత్రమును బాలికయే ధరింపవలెనా? మహమ్మదీయుని వేషమును హిందూ బాలుడు కట్టిన తప్పగునా? బీదవాని దుఃఖమును ధనికుని కుమారుడు చక్కగా నభినయింప గలడా? జాతర దినములలో రాత్రులు మేలుకొని నాటకములు చూచిన మన అనకాపల్లివారికి ఈ ప్రశ్నలు వింతలు కావు. ఈ చర్చకు తమ జీవితముచేతనే సమాధానము చెప్పిన తెలుగు నటులొకరు గలరు. వారి చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

తాడిపత్రి రాఘవాచార్యులుగారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన అనంతపురము మండలమందలి తాడిపత్రిలో నొక బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. బళ్లారిలో ఉన్నత పాఠశాలా విద్య ముగించి, మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, పిమ్మట న్యాయశాస్త్రము చదివి, బళ్లారి యందే న్యాయవాదులుగా స్థిరపడిరి. ఆ పట్టణము నాడు చెన్నపురి రాజధానిలోనిది; 1953లో మైసూరు రాష్ట్రమున చేరి నేడు కర్ణాటకములో నున్నది. తెలుగును కన్నడమును అచ్చట తోబుట్టువులవలె మెలగుచుండెడివి. ఆంధ్రనాటక పితామహులని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు రాఘవాచార్యులవారికి మేనమామ. వారి సరసవినోదినీ సభ నాటకములను చూచుచు పెరిగిన బాలునకు చిన్ననాడే రంగస్థలముపై మక్కువ కలిగెను. పగలు న్యాయస్థానమున వాదించుటయు, రాత్రి రంగమున నటించుటయు వారి జీవితమున రెండు ప్రవాహములయ్యెను.

ఆ కాలమున నటుడనగా ప్రధానముగా గాయకుడే. మరణావస్థలో నున్న పాత్రము సైతము దీర్ఘమైన రాగమాలపించి, ప్రేక్షకులు కోరినచో పద్యమును మరల పాడుచుండెను. రాఘవగారు ఈ పద్ధతిని తిరస్కరించిరి. పాటను తగ్గించి, మాటకును చూపునకును మౌనమునకును ప్రాధాన్యమిచ్చిరి. హరిశ్చంద్రుడు, హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, రామదాసు మొదలైన పాత్రములు వారికి మిక్కిలి ఖ్యాతి తెచ్చెను. కోలాచలం శ్రీనివాసరావుగారి రామరాజు చరిత్రమున వారు ధరించిన పఠానుని వేషము ప్రఖ్యాతమైనది. ఆంగ్లమున షేక్స్పియరు నాటకములను సైతము ప్రదర్శించిరి. 1928లో ఇంగ్లండునకు వెళ్లి, బెర్నార్డు షా మొదలగు నాటకవేత్తలను కలిసికొనిరి. 1939లో విడుదలయిన రైతుబిడ్డ అను చలనచిత్రమున ఈ న్యాయవాదియే అప్పులపాలయిన రైతుగా కన్పట్టెను.

పఠానుడు వారి మతమువాడు కాడు. రైతు వారి వృత్తివాడు కాడు. జన్మము వేఱయినను, పరిశీలనచేతను సానుభూతిచేతను పరుని హృదయములో ప్రవేశింపవచ్చునని ఈ పాత్రములు చాటుచున్నవి. ఇది లేనిచో నాటకకళయే లేదు.

అయినను రాఘవగారు స్త్రీ పాత్రముల విషయమున వేఱు త్రోవ త్రొక్కిరి. నాడు తెలుగు నాటక సమాజములలో స్త్రీ పాత్రములను చాలవరకు పురుషులే ధరించుచుండిరి. ఆ పాత్రములను స్త్రీలే ధరింపవలెనని రాఘవగారు పట్టుబట్టి, విద్యావతులైన కుటుంబ స్త్రీలను రంగమునకు ఆహ్వానించిరి. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని మొదలైనవారు ముందునకు వచ్చిరి. స్త్రీ వేదికనెక్కిన నింద తప్పని కాలమది. ఆహ్వానించినవారికంటె, నిందను లెక్కింపక వచ్చిన ఆ స్త్రీల ధైర్యమే గొప్పదని మేము తలంతుము.

ఇచ్చట బుద్ధిమంతుడైన విద్యార్థి యొక ఆక్షేపణ చేయవచ్చును. బ్రాహ్మణుడు పఠానుడు కాగలిగినప్పుడు పురుషుడు స్త్రీ ఏల కాగూడదు? ఈ ఆక్షేపణ బలమైనదే. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామ, చిత్రాంగి, రోషనార మున్నగు పాత్రములను ధరించి ప్రేక్షకులను సమ్మోహితులను గావించి, 1956లో పద్మశ్రీ బిరుదము నందిరి. వారి కళ అసత్యమని యెవ్వరనగలరు? సురభి నాటక సమాజములయందు స్త్రీలే కృష్ణాది పురుష పాత్రములను మెప్పించుట మఱియొక నిదర్శనము.

కావున రాఘవగారి వాదమును మేమిట్లు గ్రహింతుము. పురుషునకు స్త్రీ హృదయము తెలియదనుట దాని సారము కాదు. స్త్రీకి రంగస్థల ద్వారము మూయబడియుండుటయే వారిని బాధించినది. ఒకడు పరుని వేషము ధరించుట కళ. ఆ పరుడు తన వేషమునైనను ధరింపరాదని అడ్డుట అన్యాయము. ఈ భేదము లోకమంతట కానవచ్చును. ఇంగ్లండునందు 1660వ సంవత్సరము వఱకు వృత్తి నాటకశాలలలో స్త్రీ పాత్రములను బాలురే ధరించిరి. నల్లజాతివాడైన ఒథెల్లో పాత్రమును శ్వేతజాతి నటులు ముఖమునకు మసి పూసికొని చిరకాలము నటించిరి. 1930లో లండనున పాల్ రోబ్సన్ ఆ పాత్రమును ధరించుట ఘనవార్త యైనదనగా, తలుపు ఎంత గట్టిగా మూయబడియుండెనో ఊహింపవచ్చును.

రాఘవాచార్యులుగారు 1946వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన పరమపదించిరి. మన బాలికలు నేడు నిస్సంకోచముగా వేదికనెక్కుచున్నారన్న, ఆ నాటి పట్టుదల కది ఫలము.

ప్రియ విద్యార్థులారా! ఇకమీద పాత్రలు పంచుకొనునపుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఈ పాత్రము యొక్క సుఖదుఃఖములను తెలిసికొనుటకు మనము తగినంత శ్రమపడితిమా? ఈ పాత్రమునకు స్వభావముచేత దగ్గఱయైన వానిని, వాని కులమునో పేదఱికమునో చూచి, వెనుక బెంచీలో కూర్చుండబెట్టితిమా? మొదటిదానికి అవుననియు, రెండవదానికి కాదనియు చెప్పగలిగిననాడు, ఏ వేషమును ఎవ్వరు కట్టినను శోభించును.