రెండు కాగితాల మధ్య ఒక జీవితం

మనం ఎంసెట్ కోచింగ్‌లో కూర్చునే వయసుకి ఆయన న్యాయశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చేసుకున్నాడు. పేరు అల్ఫోన్సస్ లిగోరి. 1696లో ఇటలీలోని నేపుల్స్ దగ్గర పుట్టాడు. తండ్రి నౌకాదళ అధికారి, పట్టిన పట్టు విడవని మనిషి. కొడుకు పెద్ద లాయరు కావాలన్నది ఆయన ప్లాను. అయ్యాడు కూడా.

1723లో ఒక పెద్ద ఆస్తి కేసు వచ్చింది. అల్ఫోన్సస్ అదరగొట్టేలా వాదించాడు. తీరా చూస్తే తాను ఎన్నోసార్లు చదివిన కాగితంలోనే తన వాదనకి అడ్డం తగిలే మాట ఉంది. దాన్ని వేరే అర్థంలో చదువుకున్నాడు. ఎదుటి లాయరు వేలుపెట్టి చూపించగానే కేసు పోయింది. ఆ రోజుతో కోర్టు మానేశాడు. తండ్రి ఎంత మొత్తుకున్నా వినకుండా 1726లో ఫాదర్ అయ్యాడు.

ఆరోగ్యం బాగోక కొండల్లోకి వెళ్తే అక్కడ మేకలు కాసుకునేవాళ్లు కనిపించారు. వాళ్లకి దేవుడి గురించి చెప్పే దిక్కే లేదు. ఇలాంటివాళ్ల కోసమే 1732లో స్కాలా అనే ఊళ్లో ఒక సంఘం పెట్టాడు. అదే రెడెంప్టరిస్టుల సంఘం.

ఆయన చాలా పుస్తకాలు రాశాడు. జనం నోళ్లలో బాగా నానింది మాత్రం చిన్నదే, స్లీవమార్గం. తపస్సు కాలంలో శుక్రవారాలు క్యాథలిక్ చర్చిలో చూసే ఉంటారు: గోడల మీద 14 బొమ్మలు, యేసుకి మరణశిక్ష వేసిన దగ్గర్నుంచి సమాధి దాకా. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, మోకరించి, ప్రార్థించి ముందుకి నడుస్తారు. జెరూసలేం వెళ్లలేనివాళ్లకి ఇదే యాత్ర. ఈ స్థలాలు 14 అని పోపు 1731లో ఖాయం చేశాడు.

అల్ఫోన్సస్ రాసినదాంట్లో పాండిత్యం వెతికితే దొరకదు. ఒక్కో స్థలంలో నాలుగైదు వాక్యాలు, అవీ ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు. చివర్లో మాత్రం ప్రతిసారీ అదే మనవి: నిన్ను ప్రేమిస్తున్నాను, నిన్ను నొప్పించినందుకు బాధపడుతున్నాను, మళ్లీ నీ నుంచి విడిపోనివ్వకు, ఆపైన నన్నేం చేసుకున్నా నీ ఇష్టం. 14 సార్లు ఇదే. చదువురానివాడికైనా మూడో స్థలానికల్లా కంఠతా వచ్చేస్తుంది. నా మటుకు అసలు పనితనం అక్కడే ఉంది.

ఆ చివరి మాట ఆయన్నే పట్టుకుంది. 1762లో బిషప్‌ని చేశారు. కొన్నేళ్లకి కీళ్లజబ్బుతో మెడ వంగిపోయి, గడ్డం ఛాతీకి ఒత్తుకుని పుండు పడింది. తాగాలంటే గొట్టం పెట్టుకోవాలి. 1775లో పదవి వదిలి పగాని అనే ఊళ్లో తన సంఘం ఇంటికి చేరాడు.

అక్కడికి ఇంకో కాగితం వచ్చింది. నేపుల్స్ రాజు అనుమతి కోసం సంఘం నియమాల్ని మార్చేసి రాసిన కాగితం. రాత గజిబిజిగా ఉంది, ఈయనకి చూపు ఆనదు. మనవాళ్లే కదా అని సంతకం పెట్టేశాడు. రోములో పోపుకి కోపం వచ్చింది. 1780లో పోపు రాజ్యంలోని ఇళ్లే అసలైన సంఘమని తేల్చారు. నేపుల్స్ వైపు ఇళ్లు, వాటితోపాటు సంఘం పెట్టినాయనా బయటపడ్డారు. ఒకప్పటి లాయరే, ఒక్క వాదన కూడా చెయ్యలేదు. పోపు తీర్పుకి తల వంచాడు.

1787 ఆగస్టు 1న పగానిలో పోయేనాటికి ఆయన వయసు 90. అప్పటికీ బయటే ఉన్నాడు. రెండు ముక్కలూ మళ్లీ ఒకటయ్యేసరికి 1793 వచ్చింది.