కాలమునకు గట్టు కట్టిన మహనీయుడు : మోక్షగుండము విశ్వేశ్వరయ్య

తీరిక లేదను మాట నేడు పిల్లలనోటను, పెద్దలనోటను తఱచుగా వినవచ్చుచున్నది. విద్యార్థికి బడి, ఇంటిపాఠములు, పరీక్షలు; తల్లిదండ్రులకు ఉద్యోగము, వ్యాపారము, ఇంటి బాధ్యతలు. ఇక నడకకు, ఆటకు, వేళకు భోజనమునకు, కంటినిండ నిద్రకు సమయమెక్కడిదని అడుగుదురు. ఈ ప్రశ్నకు ఉపన్యాసముతో గాక తమ బ్రతుకుతోనే సమాధానమిచ్చిన మహనీయులొకరు కలరు. వారే సర్ మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు.

వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతములోని మోక్షగుండము అను గ్రామమునుండి మైసూరు సీమకు వలస వచ్చిన తెలుగువారు. తరములు గడచినను ఆ యింట తెలుగు నిలిచియే యుండెను. విడిచి వచ్చిన ఊరిపేరు ఇంటిపేరై వెంట నడచెను. విశ్వేశ్వరయ్యగారు 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, నేటి చిక్కబళ్ళాపుర జిల్లాలోని ముద్దేనహళ్ళిలో జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. చిన్ననాడే తండ్రి గతించుటచే ఇల్లు గడచుటయే కష్టమాయెను. బెంగుళూరులో మేనమామగారి ఆదరణమున చదువు సాగెను. అది చాలక, ఆ బాలుడు ఒక యింటి పిల్లలకు పాఠములు చెప్పి తన ఖర్చులకు తానే సంపాదించుకొనెను. ఇతరులకు చెప్పుట, తాను చదువుట అను రెండు పనులు ఒక్క దినములో ఇముడవలెనన్న గంటలను ముందుగనే పంచుకొనక తప్పదు గదా! కాలమును లెక్కించి వాడు అలవాటునకు ఆ పేదరికమే తొలి గురువై యుండును.

1881లో సెంట్రల్ కళాశాలనుండి బి.ఏ. పట్టము పొంది, మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థి వేతనముతో పూనా వెళ్ళి ఇంజనీరింగు చదివిరి. 1883 నాటి పరీక్షలో ప్రథములుగ నిలిచి, 1884లో బొంబాయి ప్రభుత్వమునందు సహాయ ఇంజనీరుగ చేరిరి.

వారి తొలినాటి పనులలో పెక్కు ప్రజల ఆరోగ్యమునకు సంబంధించినవే యగుట గమనింపదగిన విషయము. సింధునదీ తీరమునగల సుక్కూరు పట్టణమునకు ఆ దినములలో బురదనీరే గతి. నీటిని వడగట్టు తొట్లు కట్టుటకు పురపాలక సంఘమునకు ధనము చాలదయ్యెను. అప్పుడు విశ్వేశ్వరయ్యగారు నదీగర్భముననే బావి త్రవ్వించి, ఇసుకలో ఊరి తేటపడిన నీటిని పట్టణమున కందించిరి. 1906లో ప్రభుత్వము వారిని ఏడెను నగరమునకు పంపగా, అచటి త్రాగునీటికిని, మురుగు కాలువలకును తగిన ప్రణాళికను సిద్ధపఱచిరి. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసిన పిమ్మట, నిజాము ప్రభుత్వము వారి సలహాను కోరెను. ఆ సలహా ఫలితమే ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు జలాశయములు. నగరమునకు శుభ్రమైన నీరు, చక్కని మురుగుపారుదల యున్నగాని వైద్యులు ఒక్కరే రోగములను ఆపజాలరని వారెఱుగుదురు.

పూనా ప్రాంతపు కాలువల క్రింద వారు ప్రవేశపెట్టిన పద్ధతి ఒకటి కలదు. కాలువ ప్రక్క పొలమువాడు నీటిని మితిమీఱి వాడుటచే అతని నేల చవుడుబాఱుచుండ, చివరి పొలమువాడు నీరులేక ఎండుచుండెను. విశ్వేశ్వరయ్యగారు భూములను భాగములుగ విభజించి, నీటిని వంతుల ప్రకారము పంచు ఏర్పాటు చేసిరి. నీరు పెరుగలేదు, పంపకము మాత్రము మాఱినది. అంతటితో ఎక్కువమంది రైతులకు నీరందెను.

తమ దినమునుగూడ వారు అదేరీతిగ పంచుకొనిరి. దినమునకు ఇరువదినాలుగు గంటలే. ఆఫీసు పని కాలువ ప్రక్క పొలము వంటిది. అడ్డులేనిచో అన్ని గంటలను అదియే పీల్చును. శరీరము చివరి పొలము వంటిది. దాని వంతు దానికి ముందుగ కేటాయింపనిచో ఎండిపోవును. అందుచే వారు వేకువనే లేచుట, క్రమము తప్పని నడక, మితమైన శాకాహారము, వేళకు విశ్రాంతి అను వానికి దినచర్యలో చోటు కల్పించి, ఆ చోటును పనికి విడిచిపెట్టలేదు. పొగాకును, మద్యమును ముట్టలేదు. చెప్పిన వేళకు ఒక్క నిముషమైనను తప్పక, శుభ్రమైన దుస్తులతో, తలపాగతో హాజరగుట వారి గుర్తు.

వారికి తీరిక యుండుటచే ఈ నియమములు సాగినవనుకొనరాదు. 1909లో వారు మైసూరు సంస్థానమునకు ప్రధాన ఇంజనీరైరి. 1911లో కృష్ణరాజసాగరము ఆనకట్ట పని మొదలయ్యెను. 1912 మొదలు 1918 వఱకు దివానుగ రాజ్యభారమంతయు వహించిరి. 1913లో మైసూరు బ్యాంకు, 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసినవి. ఇంటిభాష తెలుగైన దివాను కాలముననే కన్నడమునకు అట్టి సంస్థ ఏర్పడుట మనవంటివారు మఱవరాని విషయము. మన భాషను నిలుపుకొనుటకును, ఉన్న నేలకు సేవ చేయుటకును విరోధము లేదు.

ఇంత పని చేసిన శరీరము ముందుగనే అలసిపోలేదు. తొంబదియవ ఏటి ప్రాంతమున, 1951లో, తమ ఉద్యోగ జీవిత స్మృతులను ప్రకటించిరి. తొంబది దాటిన వయస్సున బీహారులో గంగానదిపై మొకామా వంతెనకు తగిన స్థలమునుగూర్చి సలహా యిచ్చిరి. 1955లో భారతరత్న బిరుదము వారిని వరించెను. నూరేండ్లు నిండిన పిమ్మట, 1962 ఏప్రిలులో బెంగుళూరున పరమపదించిరి. వారి జన్మదినమును భారతదేశము ఇంజనీర్ల దినముగ జరుపుకొనుచున్నది.

నియమముగ జీవించిన ప్రతివారును శతాయుష్మంతులగుదురని చెప్పుటకు వీలులేదు. ఆయుస్సు మన చేతిలోనిది కాదు. ఉన్నన్నినాళ్ళు శరీరమును పనికి వచ్చునట్లు ఉంచుకొనుట మాత్రము చాలవఱకు మన చేతిలోనిదే. నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిముషములు, పెద్దలకు వారమునకు కనీసము 150 నిముషములు చుఱుకైన శరీరశ్రమ అవసరమని చెప్పుచున్నది. అనగా బాలురకు ఇరువదినాలుగింట ఒక్క గంట మాత్రమే.

విద్యార్థులారా! పరీక్షలు దగ్గఱపడినంతనే ఆటను, నిద్రను కోసివేయు అలవాటును మానుడు. మిగిలిన సమయమును ఆరోగ్యమునకు ఇత్తుమన్నచో ఏ దినమున ఏమియు మిగులదు. దానికి ముందుగ చోటుంచి, తక్కిన గంటలను చదువునకు పంచుకొనుడు. తల్లిదండ్రులారా! సాయంకాలము మైదానమున పరుగిడు బిడ్డను చూచి కాలము వృథా యగుచున్నదని విచారింపకుడు. వీలైనచో మీరును వెంట నడువుడు. ముద్దేనహళ్ళి పేదబాలునకు లభించిన గంటలే మనకును లభించుచున్నవి. వానికి గట్టు కట్టుకొనుటయే మన పని.