స్ప్రింగుల మీద రెండు కార్లు: కోలిన్ చాప్‌మన్ పోరు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండ్‌లో డబ్బు లేకపోయినా రేసుల పిచ్చి ఉన్న కుర్రాళ్ల కోసం 750 మోటార్ క్లబ్ ఒక తరగతి నడిపేది. పాత ఆస్టిన్ సెవెన్ కారు ఛాసిస్, ఇంజిన్ వాడాలన్నది షరతు. ఆ ఇంజిన్‌లో సిలిండర్లు నాలుగు, ఇంధనం లోపలికి వెళ్లే దారులు మాత్రం రెండే. రెండేసి సిలిండర్లు ఒక దారిని పంచుకోవాలి. దాంతో ఒకటి పీల్చుకుంటుంటే పక్కది అర్ధాకలితో ఉండేది. 1951లో కోలిన్ చాప్‌మన్ అనే 23 ఏళ్ల ఇంజినీరు ఆ దారుల్లో అడ్డుగోడలు పెట్టి నాలుగుగా చీల్చాడు. నిబంధనల్లో అలా చేయమని లేదు, చేయొద్దనీ లేదు. ఆ ఏడాది ఆయన లోటస్ మార్క్-3ను అందుకోవడం మిగతావాళ్ల వల్ల కాలేదు. తర్వాత క్లబ్ ఆ మార్పును నిషేధించింది.

చాప్‌మన్ జీవితమంతా దాదాపు ఇదే వరస.

1928 మే 19న లండన్ శివారు రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి పబ్ నడిపేవాడు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చదివాడు, అక్కడే విమానం నడపడమూ నేర్చుకున్నాడు. బరువు ఎక్కడ పడుతుంది, ఎంత తీసేస్తే ఇంకా నిలుస్తుంది అన్న లెక్క ఆయనకు ఈ రెండు చోట్ల నుంచీ వచ్చింది. మొదటి కారును ప్రియురాలు హేజెల్ తల్లిదండ్రుల ఇంటి వెనక షెడ్డులో కట్టాడు. 1952లో కంపెనీ పెట్టడానికి 25 పౌండ్లు అప్పిచ్చిందీ ఆమే. రెండేళ్లకు పెళ్లి చేసుకున్నారు. కంపెనీకి లోటస్, అంటే మన తామరపువ్వు, పేరెందుకు పెట్టాడో ఆయన ఎన్నడూ బయటపెట్టలేదు.

1962లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌కు లోటస్ 23 కార్లు తీసుకెళ్లాడు. తనిఖీ అధికారులు ఒక అభ్యంతరం పట్టుకున్నారు. ముందు చక్రాలకు నాలుగు బోల్టులు, వెనక చక్రాలకు ఆరు. అంటే కారులో ఉన్న ఒక్క స్టెప్నీ రెండు చోట్లా సరిపోదు, అది నిబంధనకు విరుద్ధం. చాప్‌మన్ మనుషులు వెనక కూడా నాలుగు బోల్టులే ఉండేలా హడావిడిగా హబ్బులు చేయించి ఇంగ్లండ్ నుంచి తెప్పించారు. అధికారులు మళ్లీ కుదరదన్నారు. మొదట ఆరు కావాల్సిన చోట ఇప్పుడు నాలుగు ఎలా సరిపోతాయన్నది వాళ్ల ప్రశ్న. ఇంగ్లిష్ జట్టు మీద ఫ్రెంచివాళ్లు కక్ష కట్టారని అప్పట్లో చాలామంది అన్నారు. కావచ్చు. కానీ ఆ ప్రశ్న మరీ తీసిపారేసేది కూడా కాదు. చాప్‌మన్ మాత్రం బతికినంతకాలం తన జట్టును తిరిగి లె మాన్స్‌కు పంపలేదు.

లోటస్ భాగాలు విరుగుతాయన్న భయం డ్రైవర్లకూ ఉండేది. 1969 మే నెలలో బార్సిలోనాలోని మోంజుయిక్ రేసులో గ్రాహం హిల్, యోకెన్ రిండ్ట్ నడుపుతున్న రెండు లోటస్‌ల ఎత్తైన రెక్కలూ కూలి రెండు కార్లూ ప్రమాదానికి గురయ్యాయి. రెండు వారాలకు మొనాకోలో ఆ రెక్కలను నిషేధించారు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో మోంజా ప్రాక్టీసులో రిండ్ట్ చనిపోయాడు. ఆ రోజు ఆయన లోటస్ 72కు రెక్కలు తీసేసి ఉన్నాయి. ముందు బ్రేకు షాఫ్టు విరిగిందని తేలింది. చనిపోయాక ప్రపంచ విజేత అయిన డ్రైవర్ ఫార్ములా వన్‌లో ఆయనొక్కడే. నిబంధన ఒప్పుకున్నదల్లా నడిపేవాడికి క్షేమం కాదని చాప్‌మన్‌కు ఆ రోజు తెలియకుండా పోలేదు.

1978 నాటికి కారు అడుగుభాగాన్నే తిరగేసిన విమానం రెక్కలా మలిచి, పక్కలకు నేలను తాకే స్కర్టులు కట్టి, గాలి కారును రోడ్డుకు అదిమేలా చేశాడు. లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి విజేత అయ్యాడు. అదే ఏడాది బ్రాబమ్ జట్టు ఇంజిన్ చల్లబరచడానికే అంటూ వెనక పెద్ద ఫ్యాను పెట్టి స్వీడన్‌లో గెలిస్తే, కదిలే ఏరోడైనమిక్ పరికరాలు చెల్లవని గట్టిగా అభ్యంతరం చెప్పినవాళ్లలో చాప్‌మన్ ఒకడు. ఆయన స్కర్టులూ కదిలేవే!

1981లో కదిలే స్కర్టులు పోయాయి, నేలకు 6 సెంటీమీటర్ల ఎత్తు తప్పనిసరి అయింది. జట్లు స్ప్రింగులను రాయిలా బిగించాయి. డ్రైవర్ల నడుములు విరిగే పరిస్థితి. చాప్‌మన్ జవాబు లోటస్ 88. అందులో ఒక ఛాసిస్‌లో ఇంకో ఛాసిస్ ఉంటుంది. లోపలిది డ్రైవర్‌ను, ఇంజిన్‌ను మెత్తటి స్ప్రింగుల మీద మోస్తుంది. బయటి తొడుగు తన సొంత స్ప్రింగుల ద్వారా గాలి బరువును నేరుగా చక్రాలకు చేరుస్తుంది. గాలిని వాడుకునే భాగమేదైనా కారులోని స్ప్రింగుల మీద ఉన్న భాగానికి కదలకుండా బిగించి ఉండాలన్నది నిబంధన. బయటి తొడుగు కూడా స్ప్రింగుల మీదే ఉంది కదా, అదీ ఆ భాగమే కదా అని ఆయన వాదన. అక్షరం ఆయన వైపే ఉంది. ఆ అక్షరం రాసినవాళ్లు రెండు ఛాసిస్‌ల కారును ఊహించలేదు.

లాంగ్ బీచ్‌లో తనిఖీ అధికారులు ముందు సరేనన్నారు, ప్రత్యర్థులు ఫిర్యాదు చేయడంతో పక్కన పెట్టారు. బ్రెజిల్‌లో, అర్జెంటీనాలో కూడా అదే జరిగింది. చాప్‌మన్ ఘాటైన ప్రకటన ఇచ్చి అర్జెంటీనా నుంచి వెళ్లిపోయాడు. అంతర్జాతీయ సమాఖ్య లక్ష డాలర్ల జరిమానా వేసింది. జులైలో సిల్వర్‌స్టోన్‌లో స్వదేశీ అధికారులు మార్చిన కారును ఆమోదించినా సమాఖ్య ఒప్పుకోలేదు. ఆ కారు ఒక్క గ్రాండ్ ప్రి కూడా ఆడలేదు. అసలు విడ్డూరం ఏమిటంటే, అదే సీజన్‌లో బ్రాబమ్ కారు ఆగి ఉన్నప్పుడు 6 సెంటీమీటర్ల ఎత్తులో నిలబడి, వేగం అందుకోగానే కిందికి దిగేది. దాన్ని అధికారులు ఒప్పుకున్నారు. ఆ పోలికను చూస్తే చాప్‌మన్ కోపంలో న్యాయం ఉందనిపిస్తుంది.

1982 డిసెంబర్ 16న గుండెపోటుతో ఆయన చనిపోయాడు. వయసు 54. అప్పటికి లోటస్ ఖాతాలో ఏడు జట్టు టైటిళ్లు ఉన్నాయి. సరిగ్గా ఆ రోజే స్నెటర్టన్ ట్రాక్‌పై జట్టు యాక్టివ్ సస్పెన్షన్ ఉన్న ఫార్ములా వన్ కారును మొదటిసారి పరీక్షించింది. 1994 సీజన్‌కు దాన్నీ నిషేధించారు. 2011 జర్మన్ గ్రాండ్ ప్రిలో చెన్నై డ్రైవర్ కరుణ్ చంధోక్ నడిపిన కారు మీద ఉన్నదీ టీమ్ లోటస్ పేరే, యజమానులు మాత్రం వేరు.

ట్రాక్ బయటి నిబంధనల లెక్క ఇంకా మిగిలే ఉంది. ఉత్తర ఐర్లాండ్‌లో బ్రిటిష్ ప్రభుత్వ సొమ్ముతో తయారైన డిలోరియన్ కారు ఇంజినీరింగ్ పని లోటస్‌ది. ఆ పని కోసమని చెల్లించిన డబ్బులో కోటీ 70 లక్షల డాలర్లకు పైగా పక్కదారి పట్టింది. 1992లో లోటస్ ఆర్థిక వ్యవహారాలు చూసిన ఆయన సహచరుడు జైలుకు వెళ్లాడు. చాప్‌మన్ బతికి ఉండి దోషిగా తేలితే ఇంకా పెద్ద శిక్షే పడేదని న్యాయమూర్తి అభిప్రాయపడ్డారు.