రైఫిళ్లకు ఎదురొడ్డిన కొమురం భీం

ఆసిఫాబాద్: గోండు వీరుడు కొమురం భీం 1901లో సంకేపల్లిలో జన్మించినట్లు చెబుతారు. పంట విషయమై తలెత్తిన ఘర్షణలో సిద్ధిఖీ అనే భూస్వామి మరణించగా ఆయన అస్సాం తేయాకు తోటలకు తరలిపోయారు. తిరిగి వచ్చి జోడేఘాట్ కేంద్రంగా పన్నెండు గూడేల ఆదివాసులను పోడు హక్కుల కోసం కూడగట్టారు. వారి ఆయుధాలు గొడ్డళ్లు, బరిసెలు, కొద్దిపాటి భర్మార్లేనని స్థానికుల కథనం. వేటకు వాడే భర్మార్‌కు తూటా ఉండదు. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీలిక కుక్కి, సీసపు గుండు జార్చి, కడ్డీతో దట్టించాలి. మందు చెమ్మగిల్లితే పేలదు. అడవిపందికి ఒక్క దెబ్బ చాలును. నిజాం పోలీసుల రైఫిళ్ల ఎదుట రెండో దెబ్బకు వ్యవధి ఎక్కడిది? 1940 నాటి పోరులో భీం, ఆయన అనుచరులు జోడేఘాట్ వద్ద నేలకొరిగారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు అక్కడ వర్ధంతి జరుపుతారు.