కుజుని కాలువలను చెరిపిన అంటొనియాడి

దూరదర్శినితో గ్రహములను పరిశీలించువారికి మబ్బొక్కటియే శత్రువు కాదు. నిర్మలాకాశమున గూడ నిలుకడ లేక కదలాడు గాలి అంతకంటె మాయలాడి. ఆ గాలి తీరును కొలుచుటకు ఒక కొలమానము నేర్పరచి, అది శాంతించు వేళకై ఓపికతో కాచుకొన్నవాడు యుజేన్ అంటొనియాడి.

ఇతడు 1870 మార్చి 1వ తేదీన కాన్‌స్టాంటినోపిల్ నగరమున గ్రీకు కుటుంబమునందు జన్మించెను. 1893లో కమీల్ ఫ్లమారియాన్ పిలుపునందుకొని, పారిస్ చేరువనున్న జువిసీ వేధశాలకు వచ్చెను. 1896 నుండి 1917 వరకు బ్రిటిష్ ఖగోళ సంఘమునందు కుజగ్రహ శాఖకు అధిపతిగా నుండెను. చదరంగమునందును ఇతడు మేటి.

అవి కుజుని కాలువలనుగూర్చి లోకము వాదులాడుకొను దినములు. 1877లో స్కియాపరెల్లి కుజునిపై సన్నని గీతలను చూచెను. బుద్ధిజీవులు త్రవ్విన కాలువలే యవి యని లోవెల్ వాదించెను. జువిసీలో అంటొనియాడి సైతము కొన్ని గీతలను చూచి చిత్రించెను. కాని అతని మనస్సును సందేహము వీడలేదు.

వేర్వేరు ఉష్ణోగ్రతలుగల గాలిపొరలు కలగలసి పారునప్పుడు వాటిగుండ వచ్చు వెలుగు క్షణక్షణమును దారి మార్చుకొనును. మండువేసవిలో బీడునేలపై సెగలాడునప్పుడు ఆవలి చెట్లు వణకుచు గనబడుట మనమెరిగినదే. గ్రహబింబమును అట్లే వణకును. అట్టి వేళ విడివిడి మచ్చలు కంటికి ఒకే గీతగా తోచును. నాటి ఫొటోపలక వెలుగును కూడబెట్టుకొనునంతసేపును ఆ వణకునంతటిని తనపై పూసికొని మసకబారెడిది.

అంటొనియాడి గాలి స్థితిని ఐదు తరగతులుగా విభజించెను. ఏమాత్రమును చలనము లేనిది మొదటిది. స్వల్పముగా అలలాడుచు, నడుమ కొన్ని సెకండ్లు నిలుచునది రెండవది. మధ్యరకము మూడవది. ఎడతెగక కలతపెట్టునది నాలుగవది. ముతక చిత్రమునైన గీయనీయనిది ఐదవది. చిత్రము ప్రక్కన ఈ అంకె యున్నచో దానిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలియును.

1909 సెప్టెంబరు 20వ తేదీ రాత్రి మ్యూడాన్ వేధశాలలోని 83 సెంటీమీటర్ల దూరదర్శినితో అతడు కుజుని చూచెను. గాలి అసాధారణముగా నెమ్మదించి యుండెను. కాలువలు మాయమై, వాటి తావున లెక్కకందని వంకరటింకర మచ్చలు గోచరించెను. పెద్ద కటకము గాలి కలతకు మరింత లోబడునని లోవెల్ ఆక్షేపించెను. కాని గాలి నిలిచిన వేళ పెద్ద కటకమే సూక్ష్మవివరములను చూపునని అంటొనియాడి నిలిచి వాదించెను. 1965లో మారినర్ 4 నౌక పంపిన ఛాయాచిత్రములలో కాలువలు కానరాలేదు.

అతని నిర్ణయములన్నియు నిలువలేదు. బుధుడు 88 దినములకొకసారి తన చుట్టు తాను తిరుగునని అతడు నమ్మెను. అది సుమారు 59 దినములని 1965లో రాడార్ పరిశీలన తేల్చెను. అంటొనియాడి 1944 ఫిబ్రవరి 10వ తేదీన పారిస్‌లో మరణించెను.

నేటి ఔత్సాహికులు గ్రహమును వీడియోగా వేలకొలది చిత్రములు తీసి, కంప్యూటరుచే నిశ్చలక్షణమున పడినవానినే ఏరించి, ఒకదానిపై నొకటి పేర్చి స్పష్టమైన రూపమును సాధించుచున్నారు. నాడు అంటొనియాడి కంటితో చేసిన ఏరివేతయే నేడు యంత్రము చేయుచున్నది. గాలి తరగతిని వ్రాసికొనుటకు మాత్రము పలువురు నేటికిని అతని ఐదంకెలనే వాడుచున్నారు.