సందేహములనుండి సమాధానమునకు – పండిత రమాబాయి జీవితము

బాప్తిస్మము పొందిన దినముననే విశ్వాసికి సందేహములన్నియు తీరిపోవునని మనలో అనేకులు తలంచెదరు. అట్లు తీరనప్పుడు తమ విశ్వాసమే వట్టిదేమోయని లోలోపల కుమిలిపోవువారును కలరు. అట్టివారికి పండిత రమాబాయి జీవితము గొప్ప ఆదరణ. సత్యమును వెదకుచు ఆమె నడచిన మార్గము మిక్కిలి దీర్ఘమైనది. బాప్తిస్మము ఆ మార్గమునకు నడుమనున్న ఒక మజిలీ మాత్రమే ఆయెను.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అడవిలో జన్మించెను. తండ్రియైన అనంతశాస్త్రి డోంగ్రే మహారాష్ట్ర బ్రాహ్మణుడు, సంస్కృత పండితుడు. స్త్రీలు సంస్కృతము నేర్వరాదని లోకమనుచుండగా ఆయన తన భార్య లక్ష్మీబాయికి దానిని నేర్పెను. తల్లి కుమార్తెకు నేర్పెను. ఆ కుటుంబము పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణములు పఠించుచు, భక్తులిచ్చు కానుకలతో బ్రదుకుచుండెను. బాల్యములోనే రమాబాయి భాగవతములోని వేలకొలది శ్లోకములను కంఠస్థము చేసెను.

1874 ప్రాంతమున కరవుకాలములో ఆ కుటుంబము మన తిరుపతి కొండల ప్రాంతమునకు వచ్చెను. ఉన్న ధనమంతయు వ్రతములకును దానములకును వ్యయమైపోయెను. బిచ్చమెత్తుటకు అభిమానము అడ్డువచ్చెను. కూలిపని వారెన్నడును ఎరుగరు. పదునొకండు దినములు అడవిలో ఆకులు తిని, నీరు త్రాగి ప్రాణములు నిలుపుకొనిరి. ఆకలిబాధ ఓర్వలేక ముసలి తండ్రి తన అంతము సమీపించెనని తలంచి, చిన్న కుమార్తెను కౌగిలించుకొని, బ్రదికినన్నాళ్లు దేవుని సేవింపుమని ఆజ్ఞాపించెను. కుమారుడు శ్రీనివాసుడు కూలిచేసియైనను పోషింతునని చెప్పి అందరిని అడవినుండి మరలించెను. అయినను కొలది దినములకే తండ్రి మరణించెను. పిమ్మట తల్లియు, అక్కయు గతించిరి. ఇన్ని వ్రతములు, ఇన్ని ఉపవాసములు చేసినను ఆలకించినవాడెవడును లేడేయను ప్రశ్న ఆ పదునారేండ్ల బాలిక హృదయములో నాటుకొనెను.

అన్నాచెల్లెండ్రు కాలినడకన దేశమంతయు తిరిగి 1878లో కలకత్తా చేరిరి. అచ్చటి విద్వాంసులు ఆమె పాండిత్యమునకు విస్మయమొంది పండిత, సరస్వతి అను బిరుదుల నొసగిరి. ఆమెయో ధర్మశాస్త్రములను చదివినకొలది కలతచెందెను. ఆ గ్రంథములు అనేక సంగతులలో ఒకదానితో ఒకటి విభేదించినను, స్త్రీకిని శూద్రునికిని మోక్షార్హత లేదను విషయములో మాత్రము ఏకీభవించుచున్నట్లు ఆమెకు తోచెను. కలకత్తాలోనే క్రైస్తవులొక సంస్కృత బైబిలును ఆమెకిచ్చిరి. కాని ఎంతటి పండితురాలైనను ఆ భాష ఆమెకు బోధపడలేదు.

1880లో అన్న మరణించెను. ఆ యేటనే ఆమె కులభేదమును లెక్కచేయక బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ న్యాయవాదిని వివాహమాడెను. భర్త గ్రంథములలో బెంగాలీ లూకా సువార్త ఆమె కంటబడెను. దానిని చదివి ఆనందించి, క్రైస్తవురాలనయ్యెదనని చెప్పగా భర్త అందుకు సమ్మతింపలేదు. 1882 ఫిబ్రవరిలో ఆయన కలరా వ్యాధితో కన్నుమూసెను. పసికందైన మనోరమను చంకనిడుకొని ఆమె పూనా చేరెను. అచ్చట నెహెమ్యా గోరే ఆమెతో సంభాషించెను. ఆయనయు కాశీలో శాస్త్రములు చదివిన బ్రాహ్మణుడే. దీర్ఘమైన అంతర్మథనము తరువాత 1848లో క్రీస్తును అంగీకరించినవాడు. ఆయన వాదములు ఆమెను ఆలోచింపజేసినవి గాని పూర్తిగా ఒప్పింపలేదు.

1883లో ఆమె ఇంగ్లండునకు పోయి వాంటేజి పట్టణమున ఆంగ్లికన్ సన్యాసినుల మఠములో బస చేసెను. వారు లండనులోని ఫుల్హామునందు పతితలైన స్త్రీలను చేరదీసి ఆదరించుట ఆమె చూచెను. అట్టి స్త్రీలకు కఠినశిక్షలు విధించు ధర్మశాస్త్రములనే ఆమె చదివియుండెను. వారిని ప్రేమించు మతము నెరుగదు. ఈ కరుణ ఎక్కడనుండి వచ్చెనని ఆమె అడుగగా, ఒక సహోదరి యోహాను సువార్త నాలుగవ అధ్యాయములోని సమరయ స్త్రీ వృత్తాంతమును చదివి వినిపించెను. స్త్రీని త్రోసివేయని రక్షకుని ఆమె అచ్చట చూచెను. 1883 సెప్టెంబరు 29న తల్లియు కుమార్తెయు బాప్తిస్మము పొందిరి.

అయితే సందేహములు అంతటితో ఆగలేదు. చెల్ట్నాములోని మహిళా కళాశాలలో చదువుకొనుచు, సంస్కృతము బోధించుచు ఉన్న కాలమున అవి మరింత బలపడెను. త్రిత్వమును, క్రీస్తు దైవత్వమును గూర్చి సంఘము చెప్పు వివరణలను ఆమె అంగీకరింపలేకపోయెను. క్రైస్తవులలో ఇన్ని శాఖలేల? ఎవరి మాట నమ్మవలెను? ఆమెకు జ్ఞానమాతయైన సహోదరి జెరాల్డీన్ ఇది అహంకారమని తలంచి మందలించెను. శాస్త్రుల అధికారమును విడిచి వచ్చినది మరియొకరి అధికారమునకు మనస్సాక్షిని అప్పగించుటకు కాదని రమాబాయి నిశ్చయముగా బదులు వ్రాసెను. ఆ ఉత్తరములు నేటికిని నిలిచియున్నవి. నమ్మని మాటను నమ్మితినని ఆమె ఎన్నడును పలుకలేదు. బైబిలును మూయనును లేదు.

1886లో అమెరికాకు పోయి, మిత్రుల సహాయము సంపాదించి, 1889 మార్చి 11న బొంబాయిలో విధవల కొరకు శారదా సదనమును స్థాపించెను. పనిలో విజయము కలిగినను ఆత్మలో నెమ్మది కలుగలేదు. 1891 ప్రాంతమున ఇంగ్లండు దేశపు గురువైన విలియం హాస్లమ్ తన జీవితమును గూర్చి వ్రాసిన గ్రంథము ఆమె చేతికి వచ్చెను. ఆ గురువు సంవత్సరముల తరబడి సంఘసేవ చేసి, 1851లో ఒక ఆదివారమున తన ప్రసంగపీఠముపై నిలిచి బోధించుచుండగనే తాను మారుమనస్సు పొందెను. అది చదువగా రమాబాయికి తన స్థితి తేటపడెను. బాప్తిస్మము పొంది ఎనిమిదేండ్లు గడచినను తనకు దొరికినది క్రైస్తవ మతమే. ఆ మతమునకు జీవమైన క్రీస్తును తాను ఇంకను చేపట్టలేదు. వాదములను ప్రక్కనుంచి, పాపినిగా ఆయన పాదములయొద్దకు వచ్చెను. అప్పుడు ఆమెకు పాపక్షమాపణ నిశ్చయత కలిగెను. తిరుపతి అడవిలో పుట్టిన ప్రశ్నకు జవాబు దొరికెను: ఆలకించువాడు కలడు.

ఆ నిశ్చయతకు పరీక్షలును వచ్చెను. ఆమె తన గదిలో తలుపు తెరచి ప్రార్థించుచుండగా బాలికలు తామే వచ్చి కూర్చుండసాగిరి. దానివలన 1893లో గొప్ప అలజడి పుట్టి, సలహాదారులు రాజీనామా చేసిరి; పెక్కుమంది బాలికలను బంధువులు తీసికొనిపోయిరి. ఆమె చలింపలేదు.

1896–97లో మధ్యపరగణాలను ఘోరమైన కరవు పీడించెను. నేడు ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయ్‌పూరు కూడ ఆనాడు ఆ పరగణాలలోనిదే. ఆ వార్త వినగానే తన బాల్యమున అనుభవించిన ఆకలి ఆమె కన్నులయెదుట నిలిచెను. తానే మధ్యపరగణాలకు బయలుదేరి, దిక్కులేని బాలికలను సుమారు 300 మందిని చేరదీసెను. పూనా సమీపమున కేడ్గాములోని ఆమె పొలము ముక్తి సదనమాయెను. ఆకులు తిని బ్రదికిన బాలిక ఇప్పుడు వందలమందికి అన్నము పెట్టు తల్లియాయెను.

తనకు సంస్కృత బైబిలు బోధపడని సంగతి ఆమె మరువలేదు. పల్లెటూరి స్త్రీ సైతము చదివి గ్రహించునట్లు, హెబ్రీ గ్రీకు భాషలు నేర్చుకొని, బైబిలునంతయు సులభమైన మరాఠీలోనికి అనువదించెను. 1921లో కుమార్తె మనోరమ మరణించినను ఆ పని విడువలేదు. 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించెను. సంపూర్ణ గ్రంథము 1924లో వెలువడెను.

ప్రియ చదువరీ, క్రైస్తవ గృహమున పుట్టి, సంఘపు పుస్తకమున పేరుండి, అంతరంగమున సమాధానము లేనివారు మనలో ఎందరో కలరు. నీ సందేహమును దాచిపెట్టకుము. దానిని నెపముగా చేసికొని వాక్యమును విడువకుము. రమాబాయి నమ్మనిదానిని నమ్మినట్లు నటింపలేదు, వెదకుటయు మానలేదు. ఎనిమిదేండ్లు ఆమె కొరకు కనిపెట్టిన ప్రభువు నీ కొరకును కనిపెట్టుచున్నాడు.