ఆగిన ఇంజిన్‌కు నడిరోడ్డుపై కారణం వెతికిన బెర్తా బెంజ్

నడుస్తున్న కారు ఉన్నట్టుండి ఆగిపోయి, ఎంత ప్రయత్నించినా తిరిగి స్టార్టు కాకపోతే మెకానిక్ ముందుగా రెండు విషయాలు పరిశీలిస్తాడు. సిలిండర్‌లోకి ఇంధనం చేరుతున్నదా, దానిని మండించే నిప్పురవ్వ పుడుతున్నదా. కారు మెకానిక్ అనే వృత్తే పుట్టని రోజుల్లో, జర్మనీ మట్టిరోడ్లపై ఈ రెండు ప్రశ్నలకూ తన చేతులతో సమాధానం వెతికిన వ్యక్తి బెర్తా బెంజ్. మోటారు వాహనంలో తొలి దూరప్రయాణం చేసిన మహిళగా ఆమె పేరు ప్రపంచమంతటా సుపరిచితం. ఆ దారిలో ఆమె చేసిన మరమ్మతులు మాత్రం సరదా కథల స్థాయిలోనే మిగిలిపోయాయి. వాటి వెనుక ఉన్న యంత్ర పరిజ్ఞానానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

బెర్తా 1849 మే 3న జర్మనీ నైరుతి భాగంలోని ఫోర్జ్‌హైమ్ పట్టణంలో జన్మించారు. తండ్రి కార్ల్ ఫ్రెడరిక్ రింగర్ వడ్రంగం, గృహనిర్మాణంలో సంపాదించిన సంపన్నుడు. కలిగిన ఇంటి ఆడపిల్లలకు ఆనాడు లభించే బడి చదువు ఆమెకూ దక్కింది. ఉన్నత విద్యకు మాత్రం దారి లేదు. బేడెన్ రాజ్యంలోని విశ్వవిద్యాలయాలు మహిళలకు పూర్తి ప్రవేశం కల్పించింది 1900లోనే.

1869లో కార్ల్ బెంజ్ అనే యువ ఇంజనీరుతో ఆమెకు పరిచయం ఏర్పడింది. ఆయన వద్ద ధనం లేదు, గుర్రాలు లేకుండా నడిచే బండి గురించిన ఆలోచన మాత్రం ఉంది. మాన్‌హైమ్‌లో ఆయన స్థాపించిన వర్క్‌షాపు భాగస్వామితో విభేదాల వల్ల మూతపడే దశకు వచ్చినప్పుడు, బెర్తా తనకు రావలసిన కట్నాన్ని పెళ్లికి ముందే తీసుకొని ఆ భాగస్వామి వాటాను కొనిపించారు. 1872 జులై 20న వారి వివాహం జరిగింది. ఐదుగురు సంతానం కలిగారు. ఆ దశాబ్దమంతా అప్పులతోనే గడిచింది.

1879 డిసెంబర్ 31 రాత్రి సంఘటన ఆమె స్వభావాన్ని చక్కగా తెలుపుతుంది. అప్పటికి కార్ల్ తయారుచేస్తున్న రెండు స్ట్రోకుల ఇంజిన్ ఎన్ని రోజులు శ్రమించినా సరిగా నడవలేదు. రాత్రి భోజనం ముగిశాక మరొక్కసారి ప్రయత్నిద్దామని భర్తను వర్క్‌షాపుకు బయలుదేరదీసింది బెర్తాయే. ఆ రాత్రి ఇంజిన్ ఆగకుండా నడిచింది. దంపతులిద్దరూ దాని ఎదుట నిలబడి, పట్టణంలోని చర్చి గంటలు కొత్త సంవత్సరాన్ని ప్రకటించేవరకు ఆ చప్పుడు వింటూ ఉండిపోయారని కార్ల్ తన జ్ఞాపకాలలో రాసుకున్నారు.

1886 జనవరి 29న కార్ల్ మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు సమర్పించారు. పేటెంటు ఆయన ఒక్కరి పేరునే వచ్చింది. అయితే కొనేవారు కనిపించలేదు. జనం బండిని చూసి నవ్వారు, కొందరు భయపడ్డారు. కార్ల్‌కు యంత్రాన్ని నిరంతరం మెరుగుపరచడంలో ఉన్న ఆసక్తి దానిని జనం ముందుకు తీసుకెళ్లడంలో లేదు. పట్టణ వీధులు దాటి ఆ బండి ఎంత దూరం పోగలదో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే దూరం తీసుకుపోవలసిందే.

1888 ఆగస్టులో ఒక ఉదయం, భర్త నిద్ర లేవకముందే, బెర్తా తమ కుమారులు యూజెన్, రిచర్డ్‌లతో కలిసి బండిని బయటికి తీశారు. పెద్దవాడికి 15 ఏళ్లు, చిన్నవాడికి ఇంకా 14 నిండలేదు. గమ్యం ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టిల్లు. దూరం 100 కిలోమీటర్లకు పైమాటే. ఆమె కార్ల్ అనుమతి అడగలేదు, అడిగితే ఆయన అంగీకరించి ఉండేవారని చెప్పడం కష్టం.

ఆ బండి నిర్మాణం తెలిస్తేనే ప్రయాణం లోని ప్రమాదం అర్థమవుతుంది. వెనుక భాగంలో ఒకే సిలిండర్ ఇంజిన్, దాని కింద పడుకోబెట్టిన పెద్ద చక్రం. ఆ చక్రాన్ని చేతితో తిప్పి ఇంజిన్‌ను స్టార్టు చేయాలి. కార్బ్యురేటర్‌లో ఇంధనం సుమారు నాలుగున్నర లీటర్లే పడుతుంది. బ్యాటరీ విద్యుత్తును కాయిల్ ద్వారా పెంచి సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టిస్తారు. చల్లబరచే నీరు ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి దారి పొడవునా బావులు, వాగులు వెతికి నింపుకుంటూ పోవాలి.

మొదటి కొరత ఇంధనానిది. బండికి కావలసిన లిగ్రాయిన్ అనే పెట్రోలియం ద్రావకాన్ని అప్పట్లో బట్టల మరకలు పోగొట్టడానికి మందుల దుకాణాల్లో అమ్మేవారు. వీస్‌లోక్ ఊరిలోని దుకాణంలో బెర్తా దానిని కొన్నారు. ప్రపంచంలో తొలి పెట్రోలు బంకుగా ఆ మందుల దుకాణం నేటికీ చెప్పుకుంటోంది.

తరువాత వచ్చిన ఇబ్బందులు అంత తేలికైనవి కావు. ఒకచోట ఇంధనం వెళ్లే సన్నని గొట్టం మురికితో మూసుకుపోయింది. ఇంధనం అందని ఇంజిన్ సాధారణంగా తడబడుతూ, బలం కోల్పోతూ ఆగుతుంది. ఇంధనం ఉండి కూడా సిలిండర్‌కు చేరడం లేదని గ్రహించిన బెర్తా, టోపీని జుట్టుకు నిలిపే పొడవాటి పిన్నుతో ఆ గొట్టాన్ని శుభ్రం చేశారు. మరొకచోట నిప్పురవ్వకు విద్యుత్తు తీసుకెళ్లే తీగ ఒరిపిడికి గురై పైతొడుగు అరిగిపోయింది. తొడుగు లేని తీగ ఇనుప చట్రానికి తగిలితే విద్యుత్తు అటే మళ్లిపోతుంది, నిప్పురవ్వ పుట్టదు, ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. మేజోడు జారకుండా కట్టుకునే పట్టీని తీసి ఆమె ఆ తీగ చుట్టూ చుట్టారు.

ఈ రెండు మరమ్మతుల్లో చెప్పుకోదగినది పిన్ను, పట్టీల వింత కంటే వాటికి ముందు జరిగిన ఆలోచన. తీగ చెడినప్పుడు గొట్టం శుభ్రం చేస్తూ కూర్చున్నా, గొట్టం మూసుకుపోయినప్పుడు తీగలు సవరించినా బండి కదిలేది కాదు. ఏళ్ల తరబడి వర్క్‌షాపులో భర్త పనిని దగ్గరగా గమనించిన అనుభవమే ఆ తేడాను గుర్తించేలా చేసింది.

నేటి కార్లలో భాగాలు మారాయి కానీ విచారణ క్రమం మారలేదు. పెట్రోలు కారులో తాళం తిప్పగానే ట్యాంకు వైపు నుంచి రెండు క్షణాల సన్నని రొద వినిపించకపోతే ఇంధన పంపునో, దాని రిలేనో అనుమానించాలి. వేడి మీద ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్టయ్యే ఇంజిన్‌లో తరచుగా క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ దోషం బయటపడుతుంది. స్టార్టర్ తిప్పినప్పుడు ఇంజిన్ మామూలు కంటే తేలికగా, వేగంగా తిరిగితే టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు, అలాంటప్పుడు మళ్లీ మళ్లీ తిప్పితే వాల్వులు దెబ్బతింటాయి. డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వతో పని లేదు గనుక అక్కడ మొదట చూడవలసినవి ఫిల్టరు, ఇంధన గొట్టాల్లో చేరిన గాలి.

బెర్తా ప్రయాణం అంతటితో సాఫీగా సాగలేదు. సాగిపోయిన చైన్లను బ్రుక్సాల్‌లో ఒక కమ్మరి బిగించాడు. చెక్క బ్రేకులు అరిగిపోతే బౌష్‌లాట్‌లో చెప్పులు కుట్టే వ్యక్తి చేత వాటికి తోలు కొట్టించారు. ఎత్తులు వచ్చినప్పుడు ఇంజిన్ బలం చాలక కుమారులు దిగి తోశారు. చీకటి పడే వేళకు ఫోర్జ్‌హైమ్ చేరి, భర్తకు టెలిగ్రాం పంపారు. కొన్ని రోజుల తరువాత అదే బండిలో వేరొక దారిన మాన్‌హైమ్ తిరిగివచ్చారు.

ఆమె తెచ్చిన అనుభవం కార్ల్‌కు విలువైన పరీక్షా నివేదికగా ఉపయోగపడింది. కొండలు ఎక్కడానికి అదనపు గేరు అమర్చారు, బ్రేకులకు తోలు తొడుగు స్థిరపడింది. అదే ఏడాది మ్యూనిక్ ప్రదర్శనలో బండికి బంగారు పతకం లభించింది. 1899లో బెంజ్ సంస్థ 572 వాహనాలు తయారుచేసి ప్రపంచంలో అతిపెద్ద కార్ల ఉత్పత్తిదారుగా నిలిచింది.

ఆ తరువాతి జీవితం ప్రశాంతంగా గడిచింది. సంస్థ యాజమాన్యంతో విభేదాల వల్ల కార్ల్ 1903లో తప్పుకోగా, కుటుంబం లాడెన్‌బర్గ్‌లో స్థిరపడి కుమారులతో కలిసి మరో సంస్థ నడిపింది. 1926లో బెంజ్ సంస్థ డైమ్లర్‌తో విలీనమైంది. 1929 ఏప్రిల్ 4న కార్ల్ మరణించారు. 1888 నాటి ప్రయాణ విశేషాలు లోకానికి తెలిసింది 1925లో వెలువడిన ఆయన ఆత్మకథ, కుటుంబ సభ్యుల కథనాల ద్వారానే. బెర్తా తాను స్వయంగా ఏ గ్రంథమూ రాయలేదు.

భర్త చదివిన కార్ల్స్‌రూహే సాంకేతిక విద్యాసంస్థ 1944 మే 3న, ఆమె 95వ జన్మదినం నాడు, బెర్తాను గౌరవ సెనేటర్‌గా ప్రకటించింది. ఆ తరువాత రెండు రోజులకు, మే 5న, లాడెన్‌బర్గ్‌లోని ఇంటిలో ఆమె కన్నుమూశారు. ఆమె బండి నడిపిన మార్గాన్ని, రానుపోను 194 కిలోమీటర్ల మేర, 2008లో బెర్తా బెంజ్ స్మారక మార్గంగా అధికారికంగా గుర్తించారు.